దూది ఆయాసం

ఆ ఏడాది నా చేతి కింద యాభై ఇళ్ళు ఉండేవి. తిరుపతి కొర్లగుంటలో నేను వార్డు వాలంటీరుని. పింఛన్లు ఇవ్వడం, రేషను కార్డుల్లో తప్పులు దిద్దించడం మా అసలు పని. కరోనా వచ్చాక అవి పక్కకు పోయి, రోజూ పొద్దున ప్రతి గడప ముందూ నిలబడి నాలుగు ప్రశ్నలు అడగడమే పని అయింది. జ్వరం ఉందా? దగ్గు ఉందా? ఆయాసం ఉందా? ఇంకేమైనా బాధ ఉందా? ఫోనులో ఒక్కో ప్రశ్న కింద రెండు గళ్ళు ఉండేవి, ఉంది, లేదు అని. పది గంటలకల్లా యాభై ఇళ్ళూ అయిపోవాలి. ఆ వరసలో మా ఇల్లు నలభై ఏడోది.

మా నాయన మస్తాన్ వలి పరుపులు కుట్టేవాడు. మేము దూదేకులవాళ్ళం. వీధివైపు గది అంగడి, వెనక రెండు గదులు ఇల్లు. అంగట్లో దూది ఏకే మిషను తిరిగినంతసేపూ గాలిలో తెల్లటి నూగు ఎగురుతూ ఉండేది. నాయన కనుబొమలు నెరిసినట్టు కనిపించేవి. స్నానం చేసి వస్తే మళ్ళీ నల్లబడేవి. మిద్దె మెట్లెక్కితే ఆయనకు ఆయాసం వచ్చేది. "దూది ఆయాసంలే" అనేవాడు. మా తాతకూ అదే ఉండేదట. మా ఇంట్లో దాన్నెవరూ జబ్బు కింద లెక్కేయలేదు.

మార్చి నుంచి యాత్రికులు లేక లాడ్జీలు మూతపడ్డాయి. పరుపుల పని ఆగిపోయింది. జూన్ ఆఖర్లో ఊరి చివర ఒక సత్రాన్ని కరోనా సెంటరుగా మార్చి, దానికి దిండ్లు కావాలని మనిషితో చెప్పి పంపారు. మిషను మళ్ళీ తిరిగింది. నాయన దూది నింపుతుంటే అమ్మ గౌసియా బీ, నేనూ మూతులు కుట్టేవాళ్ళం. కుట్టినవాటిని సెంటరుకు చేర్చే పని మునస్వామి మామది.

మునస్వామి మామ మా ఎదురింటాయన. ఆటో నడిపేవాడు. ఇరవై ఏళ్ళుగా నాయన కుట్టిన పరుపులన్నీ ఆయన ఆటో నెత్తి మీదే ఊరంతా తిరిగాయి. రోజుకు మూడుసార్లు కలిసి టీ తాగకపోతే ఇద్దరికీ తోచేది కాదు. సెంటరుకు మొదటి దఫా దిండ్లు వేసుకుని ఇద్దరూ కలిసే వెళ్ళారు. తిరిగొచ్చాక నాయన చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. లోపల మంచాలు చూశాడట. ఒక్కో మంచం మీద ఒక్కో మనిషి, పక్కన పలకరించడానికి ఇంకో మనిషి లేడట. అంతే చెప్పాడు.

జూలై మొదటి వారంలో ఒక పొద్దున నేను మామ వాళ్ళ గడప ముందు నిలబడ్డాను. ఆయన భార్య మునెమ్మత్త తలుపు సగమే తీసింది.

"ఏమీ లేదు పాపా. అందురూ బాగుండాము. లేదని ఏసుకో."

లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఆగకుండా పొడిదగ్గు. అత్త నా మొహం చూడలేదు. నేను వేలు ఫోను మీద పెట్టి ఆగాను. ఈలోగా మామే తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"మూడునాళ్ళుగా జొరం ఉండాది పాపా. రాసుకో."

"రాస్తే వాళ్ళొస్తారు మామా."

"రానీలే. టెస్టే కదా. నాకోసరం నువ్వు అబద్ధం రాస్తే రేపు నీ ఉద్యోగానికి వస్తాది."

నేను 'ఉంది' అన్న గడి నొక్కాను.

మధ్యాహ్నానికి అంబులెన్సు వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగులు వేసుకున్నవాళ్ళు ఇద్దరు దిగారు. వీధి వీధంతా మిద్దెలెక్కి ఫోన్లలో వీడియో తీసింది. మామ తనే నడిచి బండి దగ్గరికి వెళ్ళాడు. ఎక్కబోతూ మా అంగడి వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"వచ్చేస్తానప్పా. మిగిలిన దిండ్లు ఇంకెవురికీ ఇయ్యొద్దు. నేనే తోల్తా."

ఆయన వెనకే అత్తను వేరే సెంటరుకు తీసుకుపోయారు. వాళ్ళ ఇంటి ముందు వెదురు కర్రలు అడ్డం కట్టారు. ఆరో రోజు మామ చనిపోయాడు. ఇంటికి తేలేదు. అత్తకు సెంటరులోనే ఎవరో ఫోనులో చెప్పారు. ఆమెకు టెస్టులో ఏమీ లేదని వచ్చింది. అయినా పద్నాలుగు రోజులు ఉంచారు.

నాయన రెండు రోజులు మిషను వేయలేదు. మూడో రోజు అమ్మ అన్నం వారుస్తూ, నావైపు చూడకుండా, "రాయకుండా ఉండింటే సరిపోయుండు" అంది.

ఆ తర్వాత మా వీధిలో జ్వరాలు ఆగిపోయాయి. నా ఫోను ప్రకారం చెబుతున్నాను. యాభై గడపల్లోనూ ఒకటే మాట. కొందరు తలుపు కూడా తీయకుండా కిటికీలోంచే "లేదు, పో" అనేవాళ్ళు. మందుల షాపులో జ్వరం మాత్రలు మాత్రం పొద్దున తెస్తే సాయంత్రానికి ఉండేవి కావు. జూలై పంతొమ్మిదిన మునెమ్మత్త ఇంటికి తిరిగొచ్చింది. మర్నాడు నేను వెళ్తే నన్ను చూసి తలుపు వేసుకుంది. ఆమె ఇంటికి కూడా నాలుగు 'లేదు'లు నేనే నొక్కుకున్నాను.

జూలై ఇరవై నాలుగు, శుక్రవారం. ఎనిమిదిన్నర అయింది. నేను ముప్పై ఒకటో ఇంటి దగ్గర ఉండగా అమ్మ ఫోను చేసింది. "ఒకసారి రా" అని పెట్టేసింది.

నాయన అంగట్లో నేల మీద దూది మూటకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా ఎవరో నీళ్ళు పోసినట్టు తడిసిపోయి ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని పిసుక్కుంటున్నాడు. అమ్మ గ్లాసులో వాము నీళ్ళు పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఏమైంది నాయనా?"

"ఏమీ లేదు. గ్యాసు. రాత్రి అలసంద వడలు తిన్నాను కదా."

"యాడ నొప్పి?"

"నొప్పి కాదు. బరువు. ఈడ ఎవురో మూట దించినట్టుండాది." చెయ్యి రొమ్ము మధ్యలో పెట్టుకున్నాడు. "దవడ కూడా లాగతాండాది."

మే నెలలో వార్డు ఆరోగ్య కేంద్రంలో మాకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. అంతా కరోనా గురించే. చివర్లో ఓ ఐదు నిమిషాలు మాత్రం అక్కడి నర్సు వకుళ సిస్టర్ గుండెపోటు గురించి చెప్పింది. చెమట, ఎడమ చెయ్యి, దవడ. నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా. కాబట్టి నాకు తెలియదని ఇప్పుడు చెప్పను.

"నూట ఎనిమిదికి ఫోన్ చేస్తా నాయనా."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఆయాసం అని సెప్తే వాళ్ళేమనుకుంటారో నీకు తెలీదా? ఆ తెల్లగుడ్డలోళ్ళే వస్తారు. తీసకపోయి నేను కుట్టిన దిండు మీదనే నన్ను పండబెడతారు."

"ఇది అది కాదు నాయనా."

"కాదని వాళ్ళకి ఎవురు సెప్తారు? మునస్వామి నడిసే కదమ్మా పోయినాడు." ఊపిరి కోసం ఆగాడు. "ఈడనే ఉండనీ నన్ను. ఏం జరిగినా మీ ముందర జరగనీ."

"అట్లాంటి మాటలు మాట్లాడొద్దు" అని అమ్మ ఆయన్ని కసిరి, నావైపు తిరిగింది. "నువ్వు పో. పని చూసుకో. వాము నీళ్ళు తాగినాడు కదా, తగ్గిపోతాది."

నేను పావుగంట అక్కడే నిలబడ్డాను. చెమట తగ్గింది. నాయన ఒక తేన్పు తేన్చి, చూసినావా అన్నట్టు నవ్వాడు. నేను మిగిలిన ఇళ్ళకు వెళ్ళాను. నలభై ఆరో ఇల్లు అయ్యాక మా అంగడి మెట్టు మీద కూర్చుని మా ఇంటి పేజీ తెరిచాను. జ్వరం, లేదు. దగ్గు, లేదు. ఆయాసం, లేదు. ఇంకేమైనా బాధ, లేదు. ఇంకా మూడు ఇళ్ళు ఉన్నాయి. లేచి వెళ్ళాను.

రెండు రోజులు నాయన పడుకునే ఉన్నాడు. మూడో రోజు లేచి మిషను ముందు కూర్చున్నాడు కానీ దూది మూట ఎత్తలేకపోయాడు. నేనూ అమ్మా ఎత్తి పెట్టాం. ఒక పరుపు సగం కుట్టి, సూది దాంట్లోనే గుచ్చి వదిలేశాడు. దొడ్డి దాకా వెళ్ళాలంటే మధ్యలో ఒకసారి కూర్చునేవాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడడం లేదని గోడకు రెండు దిండ్లు వేసుకుని కూర్చునే నిద్రపోయేవాడు. బక్రీదు నమాజు ఇంట్లోనే చేసుకున్నాడు. నేలకు నుదురు ఆనించే సజ్దాకు వంగి లేవలేక మిగతాదంతా కూర్చునే ముగించాడు. అది చూసి అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికి ఎవరూ రాలేదు, మేమూ ఎవరింటికీ వెళ్ళలేదు.

దగ్గర్లో ఉన్న ప్రైవేటు క్లినిక్‌కు ఫోన్ చేశాను. కాంపౌండరు ఎత్తాడు.

"డాక్టరుగారు రావడం లేదమ్మా. ఏమి ఇబ్బంది?"

"ఆయాసం."

"అయితే ముందు టెస్టు చేయించుకోండి. లేదని కాగితం తెస్తేనే లోపలికి."

టెస్టు అంటే మళ్ళీ మొదటికే వచ్చింది. అమ్మ వడమాలపేటలో ఉన్న తన అన్నకు చెప్పి ఏదో కషాయం పొడి తెప్పించింది. పూటకు ఒక గ్లాసు. నాయన మారు మాట్లాడకుండా తాగేవాడు. వీధిలో ఎవరైనా పోతూ "ఏం మస్తానూ, మిషను సప్పుడు లేదే?" అని అడిగితే, "దూది రాలేదప్పా" అని లోపల్నుంచే చెప్పేవాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది.

ఒక రోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మను పట్టుకున్నాను.

"అమ్మా, ఇది దూది కాదు. గుండె."

"నీకెవురు సెప్పినారు?"

"నేర్పినారు మాకు."

"నేర్పినారంట." అమ్మ కషాయం గిన్నె దించి కింద పెట్టింది. "మునస్వామన్నని రాసిచ్చినావు, మునెమ్మ ఈ పొద్దుటికీ మన గడప తొక్కలేదు. మీ నాయన్ని కూడా రాసిచ్చి, నన్ను కూడా అట్ల ఫోనులో ఇనమంటావా?"

నేను కూడా అదే భయంలో ఉన్నాను. రోజూ నలభై ఏడో ఇంటి దగ్గరికొచ్చేసరికి వేలు దానంతటదే నాలుగుసార్లు ఒకే చోట పడేది. అలా పదిహేడు రోజులు.

ఆగస్టు పదిన, సోమవారం, వకుళ సిస్టర్ మా వీధికి వచ్చింది. అరవై దాటినవాళ్ళందరికీ ఆక్సిజన్ చూడమని ఆమెకు పైనుంచి చెప్పారట. నాయనకు అరవై ఒకటి. నేను ఆమె వెంట జాబితా పట్టుకుని తిరిగాను. మా అంగట్లోకి అడుగు పెట్టేటప్పుడు ఆమెకు ఏదైనా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

నాయన లుంగీ పాదాల మీదికి లాక్కుని కూర్చున్నాడు. సిస్టర్ ఆయన వేలికి క్లిప్పు పెట్టింది. తొంభై చూపించింది. వేలు మార్చి పెట్టింది. అప్పుడూ తొంభయ్యే. ఆమె వంగి లుంగీ అంచు కొంచెం పైకి జరిపి, చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళయింది ఈ వాపు?"

"ఇది దూది ఆయాసమమ్మా. నలభై ఏండ్లుగా ఉండాది నాకు."

"దూది కాళ్ళలోకి దిగదు పెద్దాయనా." సిస్టర్ లేచి నావైపు తిరిగింది. "నీ సర్వేలో ఈ ఇంటికి ఏమని ఉండాది హబీబా?"

"లేదని."

ఆమె కళ్ళజోడు కింద నుంచి ఒకసారి నన్ను చూసింది. తిట్టలేదు. "ఎప్పుడు మొదలైంది?" అని మాత్రం అడిగింది. నేను ఆ శుక్రవారం నుంచి అన్నీ చెప్పాను. చెమట, భుజం, దవడ. అమ్మ గుమ్మంలో నిలబడి వింది.

సిస్టర్ నాయన ఎదురుగా దూది మూట మీదే కూర్చుంది.

"ఆస్పత్రికి పోవాల."

"నేను రానమ్మా."

"ఎందుకు?"

"ఆడికి పోతే మావాళ్ళని నాకాడ ఉండనిస్తారా?"

"ముందు టెస్టు చేస్తారు. లేదని వస్తే మీ పాపను పక్కనే ఉండనిస్తారు. ఉందని వస్తే ఉండనివ్వరు. అబద్ధం చెప్పను మీకు."

నాయన ఆమె మొహంలోకి చూశాడు. నాలుగు నెలలుగా అందరూ ఏమీ కాదనో, అంతా అయిపోయిందనో చెబుతున్నవాళ్ళే.

"ఈడనే ఉంటే?"

"ఈ వారం దాటదు."

మిషను మీద ఈగ వాలి లేచింది. నాయన గోడ పట్టుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు.

"గౌసియా, చొక్కా ఇయ్యి" అన్నాడు.

అంబులెన్సు వచ్చినప్పుడు వీధి మళ్ళీ మిద్దెలెక్కింది. నాయన తల దించుకుని కూర్చున్నాడు. ఎదురింట్లో మునెమ్మత్త సగం తెరిచిన తలుపులో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఫోను లేదు. బండి కదిలేదాకా నిలబడింది.

ఆస్పత్రి బయట షామియానా కింద నాలుగు గంటలు కూర్చున్నాం. కరోనా లేదని ఫలితం వచ్చింది. ఆ మాట వినగానే నాయన నన్ను ఇంకెవరో అనుకున్నట్టు కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు. లోపల ఈసీజీ తీశారు, తర్వాత గుండెకు స్కానింగు చేశారు. తొడుగులో ఉన్న డాక్టరు వయసు ఎంతో తెలియలేదు. గొంతు మాత్రం చిన్నవాడిది. నన్ను పక్కకు పిలిచాడు.

"మొదట నొప్పి ఎప్పుడొచ్చిందో గుర్తుందా అమ్మా?"

"జూలై ఇరవై నాలుగు. పొద్దున ఎనిమిదిన్నర."

అంత కచ్చితంగా చెప్పేవాళ్ళు తక్కువనుకుంటాను, రాసుకుంటున్నవాడు తలెత్తాడు.

"అది పెద్ద గుండెపోటు. ఆ పూటే తీసుకొచ్చి ఉంటే అడ్డు తీసి స్టెంటు వేసేవాళ్ళం. ఇప్పుడు గుండెలో ఆ భాగం చచ్చిపోయింది. మిగిలింది నూటికి ముప్పై వంతులు పనిచేస్తోంది. ఒంట్లో చేరిన నీరు తీసేస్తాం. మందులతో నెట్టుకు రావాలి." కాగితం తిప్పాడు. "ఆ రోజెందుకు రాలేదు?"

"భయపడినాం సార్."

"దేనికి?"

ఆయన జవాబు కోసం ఆగలేదు.

"నిరుడు ఇదే నెలలో ఈ వార్డులో మంచాలు చాలేవి కావు. ఇప్పుడు చూడండి, సగం ఖాళీ. ఊళ్ళో గుండెపోట్లు తగ్గలేదు. రావడం తగ్గింది. వచ్చేవాళ్ళు మీలాగే పది రోజులకో, పదిహేను రోజులకో వస్తున్నారు. అసలు రానివాళ్ళు ఎంతమందో మాకు తెలియదు."

నేను వార్డులోకి చూశాను. తెల్ల దుప్పట్లు పరిచిన మంచాలు వరసగా ఖాళీగా ఉన్నాయి. కిటికీ పక్క మంచం మీద నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం ఉంది. ఇంట్లో పడుకోలేనివాడు ఇక్కడ పడుకుని నిద్రపోతున్నాడు.

ఏడు రోజులకు ఇంటికి తెచ్చాం. వాపు దిగి కాళ్ళు సన్నబడ్డాయి. దూది జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. అమ్మ మిషను మీద పాత దుప్పటి కప్పింది. నాయన రోజంతా అంగడి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళలో దిండు కన్నా బరువైనది ఎత్తలేదు. నేను వాలంటీరు పని మానేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

సెప్టెంబరు మధ్యలో ఒక మధ్యాహ్నం మునెమ్మత్త వీధి దాటి మా దగ్గరికి వచ్చింది. నాయన లోపల నిద్రపోతున్నాడు. అమ్మ బజారుకు వెళ్ళింది. అత్త లోపలికి రాకుండా అంగడి మెట్టు మీద కూర్చుంది. నేను ఆ చివర కూర్చున్నాను.

"అన్నకి ఎట్ల ఉండాది?"

"మాత్రలు మింగతా ఉండాడు అత్తా. పది అడుగులేస్తే ఆయాసం."

"నొప్పి ఏ పొద్దు వచ్చింది?"

"జూలై ఇరవై నాలుగు. శుక్రవారం."

వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "నేను సెంటర్నించి వచ్చిన అయిదోనాడు."

"ఊ."

"ఆ పొద్దు మీ ఇంటికి ఏమని రాసినావు?"

"లేదని రాసినాను."

"మా ఇంటికి ఉండాదని రాసినావు."

"అవునత్తా."

వీధిలో కూరగాయల బండి పోతోంది. అది మూల తిరిగేదాకా ఆమె దాన్నే చూసింది. ఏమన్నా అననీ అని నేను కూర్చున్నాను.

"ఆయప్పే రాయమన్నాడులే. నేను తలుపు కాడనే ఉండాను కదా." కొంగుతో మెడ తుడుచుకుంది. "లేదని రాసుంటే బతికుండునా పాపా?"

"తెలీదత్తా. పోకుండా ఇంట్లోనే సచ్చిపోయినోళ్ళు ఉండారు. పోయి బతికొచ్చినోళ్ళూ ఉండారు."

"మీ నాయనకి ఉండాదని రాసుంటే?"

"బాగుండును. డాక్టరు సెప్పినాడు."

ఆమె తల ఊపింది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. వీధి వైపు చూస్తూనే చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకుంది.

"నాకు మెట్లెక్కితే ఈడ పట్టతాండాది. నిలబడితే పోతాది. రెండు నెల్లయింది. ఏడ్సి ఏడ్సి అట్ల ఉండాదేమో అనుకున్నా."

"చేతిలోకి లాగతాదా?"

"ఒక్కోసారి."

"ఎవురికన్నా సెప్పినావా?"

"ఎవురికి సెప్పాల? సెప్పుకునేటోడు లేడు కదా." అప్పుడు నావైపు తిరిగింది. "ఆడికి పోదామంటే నాతో వస్తావా? లోపలికంటా?"

"వస్తాను."

"నడామధ్యలో ఇడిసిపెట్టి రావు కదా?"

"రాను అత్తా."

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. అదే షామియానా. అత్త ఒళ్ళో ఒక సంచి పెట్టుకుని కూర్చుంది. అందులో రెండు చీరలు, దువ్వెన, మామ ఫోటో ఉన్నాయి. టెస్టులో లేదని వచ్చింది. ఈసీజీకి పిలుస్తామని కూర్చోమన్నారు. నాయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు, పిలిచినారా అని. మూడోసారి చేసి ఆమెకు ఇమ్మన్నాడు. ఆమె ఫోను సరిగా పట్టుకోలేకపోతుంటే నేను స్పీకరులో పెట్టాను.

"మునెమ్మా, భయపడొద్దు. రొమ్ము మీద ఏందో జిగురు పూసి వైర్లు అంటిస్తారు. నొప్పి ఉండదు. సల్లగా ఉంటాది, అంతే."

"నువ్వు భయపళ్ళేదా అన్నా?"



"భయపడినా. భయపడి పదిహేడు దినాలు ఇంట్లో కూర్చున్నా. నువ్వు కూర్చోవద్దు, పో."

లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు.

గుండెకు పోయే నాళాల్లో ఒకటి ముప్పాతిక వంతు మూసుకుపోయి ఉందన్నారు. రెండో రోజు స్టెంటు వేశారు. గుండెపోటు ఇంకా రాలేదనీ, వచ్చే దారిలో ఉండిందనీ ఆ చిన్నగొంతు డాక్టరే చెప్పాడు. చెప్పేటప్పుడు రెండుసార్లు బాగుంది, బాగుంది అన్నాడు. ఆయనకూ ఒకటి సరిగా జరగాల్సిన అవసరం ఉండిందనుకుంటాను.

ఐదో రోజు ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. మా వీధి మొదట్లో అత్త ఆటోను ఆపమంది.

"ఈడ దిగతాను. నడుస్తా."

"ఎందుకత్తా? ఎండగా ఉండాది. ఇంటి కాడ దించుతాడు కదా."

"మొదుటి నుంచి నడవాల." చెయ్యి నా భుజం మీద వేసి దిగింది. కొంగు సర్దుకుంది. "ఆడికి పోయినోళ్ళు నడిసొస్తారని అందురూ సూడనీ."

పొద్దున పదకొండయింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరూ మిద్దెలెక్కలేదు. ఆమె ఒక్కో ఇంటి ముందు ఒక్క క్షణం ఆగుతూ, మెల్లగా, తల ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచింది.